కోవిల్‌పట్టి సీమలో పాత కార్నెట్టులు – ఎట్టయపురపు నొట్టుస్వరములు

విరుదునగరము నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వఱకు గల ఊళ్లలో కాపురముండి, పెండ్లి ఊరేగింపున బ్యాండు మేళము వినని తెలుగువారు అరుదు. ఆ మేళమున పాటను ముందు నడుపునది కార్నెట్టు, లేదా ట్రంపెట్టు. పాత కార్నెట్టులను సేకరించి, బాగుచేసి, మరల ఊదవలెనను ఆసక్తి నేడు పలు దేశములలో కలదు. మన సీమలో ఆ పనికి పూనుకొనువారికి ఒక పొరపాటు సులభముగా కలుగగలదు. ముత్తుస్వామి దీక్షితులు చెన్నపట్టణపు కోట బ్యాండు విని నొట్టుస్వర సాహిత్యములు రచించిరి. వారు 1835లో దేహము చాలించినది కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురముననే. కావున మన కార్నెట్టు ఆ బ్యాండు సంతతియే యని తలచుట. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది గాని కాలము పొసగదు.

దీక్షితుల కుటుంబము మణలిలో మొదలియారుల ఆదరణమున నున్నపుడు సెయింట్ జార్జి కోటలోని బ్యాండు వినుట తటస్థించెను. ఆ తెల్లవారి మెట్లకు, శంకరాభరణ స్వరములలో, దీక్షితులు సంస్కృత సాహిత్యము కూర్చిరి. ఇంగ్లీషు రాజగీతపు మెట్టుకు అమరిన ‘సంతతం పాహి మాం’ అందులో ఒకటి. ఇది పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ల మాట. ఇత్తడి బూరకు పిస్టనులు అమర్చు ఉపాయమునకు ప్రష్యా దేశమున స్టోల్‌ట్సెల్, బ్లూమెల్ అనువారు హక్కు పొందినది 1818లో. కార్నెట్టు పారిసున రూపొందినది 1830 ప్రాంతమున. నేడు మనము చూచు పిస్టను పెరినే అను పనివాని చేత వెలసినది 1839లో. అప్పటికి దీక్షితులు గతించి నాలుగేండ్లు. అనగా దీక్షితులు విన్న బ్యాండులో కార్నెట్టు లేదు. ఆనాటి ట్రంపెట్టు పిస్టనులు లేని ఒట్టి గొట్టము. దాని క్రింది స్థాయిలో స, ప, స, గ, ప తప్ప వేరు స్వరము పలుకదు. అట్టి బూరతో ఒక నొట్టుస్వరము నైనను సాంతముగా నడుపుట కష్టము. పాటను మోసినవి క్లారినెట్టు, పిల్లనగ్రోవి వంటి కర్రవాద్యములై యుండవలెను.

ఈ సీమలో కంపెనీ బూరలు మొదట మ్రోగినది పెండ్లికి కాదు, యుద్ధమునకు. 1799లో బానర్మను సేన పాంచాలంకురిచ్చిపై వచ్చెను. అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసిరి. కట్టబొమ్మన తెలుగువాడు, కంపెనీ పక్షమున నిలిచిన ఎట్టయపుర పాలెగాడును తెలుగువాడే. బూర అధికారమునకు గుర్తు అను భావము మాత్రము మనకు క్రొత్తది కాదు. కొమ్ము, ఎక్కాళము, వైష్ణవాలయముల తిరుచిన్నము ఎన్నడో ఆ పనిలో నున్నవి. కార్నెట్టు తరువాతి కాలమున ఊరేగింపులో అంత సులభముగా ఇమిడిపోవుటకు కారణము ఇదియే యని నా తలంపు.

ఊరేగింపున ఇమిడిన వాద్యము కచ్చేరిలోనికి ఏల రాలేదు? ముత్తుస్వామి తమ్ముడు బాలస్వామి దీక్షితులు తెల్లవారి ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతమునకు త్రిప్పి, ఎట్టయపుర సంస్థానమున విద్వాంసుడయ్యెను. క్లారినెట్టును తంజావూరి నాట్యమేళముల వారు చేరదీసిరి. కార్నెట్టు బయటనే నిలిచినది. దీనికి సమాధానము ఎట్టయపురముననే తెలుగు లిపిలో అచ్చుపడినది. బాలస్వామి దౌహిత్రుడును దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు, చిన్నస్వామి మొదలియారుగారి ప్రోద్బలమున, సంస్థానాధీశుని ధనసహాయమున 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించిరి. అందు స్వరముల కంటె చూడదగినవి కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగు గమకముల గుర్తులు. మన రాగము స్వరములపై నిలువదు, స్వరముల నడుమ ప్రాకును. కార్నెట్టున నడిమి పిస్టను శ్రుతిని ఒక స్వరస్థానము, మొదటిది రెండు, మూడవది మూడు తగ్గించును. స్వరములన్నియు దొరకును, వాని నడుమ నున్న త్రోవ దొరకుట దుర్లభము. ఫిడేలున వ్రేలు జారును. నాగస్వరమున పెదవియు సగము మూసిన రంధ్రమును ఆ పని చేయును. కోవిల్‌పట్టిలో స్థిరపడి 1964లో కీర్తిశేషుడైన కారుకురిచ్చి అరుణాచలముగారి నాగస్వరమున ఇది తెల్లమగును. 1962 నాటి ‘మురిపించే మువ్వలు’ చిత్రమున మన ఎస్. జానకిగారి గళముతో సరిసమానముగా పలికినది ఆ నాగస్వరమే.

అట్లని మన బ్యాండు వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పిస్టనును సగము నొక్కి, పెదవి బిగువు సడలించి, జారును కొంత రప్పింపవచ్చును. ఈ నేర్పు ఏ పుస్తకమునను లేదు. వృద్ధ వాదకుల పెదవులయందే కలదు. సేకరించువారు ఇత్తడిని మాత్రము కొని ఈ నేర్పును విడిచిరేని దక్కినది సగమే. పైగా త్రాసున తూచి అమ్ముడుపోవు పాత ఇత్తడిలో కార్నెట్టునకును చెంబునకును భేదము లేదు.

చేత చిక్కిన వాద్యమును వెంటనే మెరుగు పెట్టింపరాదు. గంటపై చెక్కిన తయారీదారు పేరు, పిస్టను పెట్టెపై సంఖ్య అరిగినచో దాని వయస్సు తెలియు త్రోవ మూసికొనిపోవును. తరువాత శ్రుతి చూడవలెను. ఇంగ్లండున ఇత్తడి బ్యాండులు 1960ల వఱకు హెచ్చు శ్రుతిలో వాయించెడివి. నేడు 440గా నున్న స్వరము వారికి సుమారు 452. భేదము దాదాపు అర స్వరస్థానము. అట్టి కార్నెట్టు నేటి హార్మోనియముతో కలియకున్న అది వాద్యదోషము కాదు, వాదకుని దోషమును కాదు. శ్రుతిగొట్టమును కొంత వెలికి లాగి చూచి, అప్పటికిని కలియకున్న దానిని దాని శ్రుతిలోనే ఊదనిచ్చి, ఊదినవాని ఊరు, గురువు, ఒక పాటకు వ్రేళ్లు నొక్కిన వరుస అపుడే వ్రాసి యుంచవలెను.