అయస్కాంతము, గురుత్వము, విద్యుత్తు: మూఁడు పదముల చరిత్రము

ఉన్నతపాఠశాలలలోఁ బ్రకృతిశాస్త్రము బోధించు పుస్తకములయందు మూఁడు బలములు బాలురకుఁ దొలుతనే పరిచయము చేయఁబడును. వస్తువును భూమివైపునకు లాగు గురుత్వాకర్షణబల మొకటి, ఇనుమును లాగు అయస్కాంతబల మొకటి, తల దువ్విన దువ్వెన కాగితపుముక్కలను లేవనెత్తుటకుఁ గారణమగు విద్యుద్బల మొకటి. శాస్త్రోపాధ్యాయుఁడు వీని లక్షణములు చెప్పి సాగిపోవును. పిల్లవాఁడు "ఈ పేళ్లెందులకు వచ్చినవి?" అని యడిగెనేని వానిని భాషాపండితునికడకుఁ బంపును. ఆ పండితుఁడు మన పూర్వులకేమియుఁ దెలియదని చెప్పినను దప్పే, సర్వమును వారికే తెలియునని చెప్పినను దప్పే. ఈ రెండవ తప్పు తఱచుగా వినవచ్చుచున్నది గావున దానినే యిచట విచారింతును.

అయస్కాంత మనఁగా నయస్సునకుఁ గాంతము, ఇనుమునకుఁ బ్రియమైనది. ఇందు విసర్గమునకు సకారము వచ్చుట యష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయమునఁ జెప్పఁబడినది. పేరులోనే ప్రేమ యున్నది. శివుని మనస్సు నుమాసౌందర్యముచే లాగుఁడని బ్రహ్మ దేవతలకుఁ జెప్పు సందర్భమునఁ గాళిదాసు కుమారసంభవమున నీ యుపమానమునే వాడెను. కాని వైయాకరణులకుఁ బరిచితమైన స్థల మింకొకటి గలదు. ఇచ్ఛార్థమున సన్‌ప్రత్యయమును విధించు సూత్రముపై మహాభాష్యమునం దొక శంక పుట్టినది. ఏటియొడ్డు కూలనున్నపుడు "ఒడ్డు పడఁగోరుచున్నది" యని లోకులు పలుకుదురు. అచేతనమగు నొడ్డునకుఁ గోరిక యెక్కడిది? ఇట్టి ప్రయోగ ముపమానముచే సిద్ధించునని యొక సమాధానము. సర్వమును జేతనావంతమే యని మఱియొకటి. ఈ రెండవదానికిఁ జూపఁబడిన నిదర్శనములలో శిరీషము నిద్రించుటయు, ఇను మయస్కాంతమువైపునకుఁ బోవుటయు నున్నవి. క్రీస్తునకుఁ బూర్వము 2వ శతాబ్దినాఁటి యీ చర్చలో పతనమును, అయస్కాంతమును ఒక్కచోటఁ గలసికొన్నవి! గ్రీసుదేశపు థేలీసు అంతకుముందే అయస్కాంతమునకు ఆత్మ గలదని తలఁచెనని అరిస్తాటిలు వ్రాసియున్నాఁడు.

కణాదుఁడు వైశేషికసూత్రములలో సూది అయస్కాంతమువైపునకుఁ బ్రాఁకుట అదృష్టముచే నగునని చెప్పెను. దీనిని జూచి కొందఱు నవ్వుదురు. నాకు నవ్వు రాదు. కనఁబడు కారణములలో నేదియుఁ జాలనపుడు కనఁబడని దాని నొకదానిని బేర్కొని విడిచిపెట్టుట, లేని కారణమును గల్పించుటకంటె మేలు. 1600లో ఆంగ్లేయుఁడగు గిల్బర్టు అనేకప్రయోగములు చేసి, భూమియే యొక మహాయస్కాంతమని ప్రకటించినపిమ్మటఁ గాని దిక్సూచిసూది వర్తనమునకు సరియైన హేతువు దొరకలేదు.

ఇఁక గురుత్వము. ఇది వైశేషికులు చెప్పు నిరువదినాలుగు గుణములలో నొకటి. మన యాంధ్రుఁడని ప్రసిద్ధుఁడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున దీనికిఁ జేసిన లక్షణము పాఠశాలాపండితులకు నోటనుండునదే: మొదటి పతనమునకు అసమవాయికారణమైనది గురుత్వము. "మొదటి" యన్న విశేషణ మేల? తరువాతి పతనములకు వేగము కారణ మగును గనుక. ఇంత సూక్ష్మముగా విడఁదీసిన బుద్ధిని మెచ్చవలసినదే. కాని యిచట గురుత్వము పడు వస్తువునందుండు గుణము; దానిని లాగువాఁ డెవ్వఁడును లేఁడు. మఱియు నది పృథివీజలములయందే యుండును, వాయువునకు లేదు. వాయువునకు బరువు గలదని తోరిచెల్లి 1643 ప్రాంతమునఁ బాదరసపుగొట్టముతోఁ జూపినాఁడు.

లాగుటయన్న భావము జ్యోతిషమునుండి వచ్చినది. క్రీ. శ. 6వ శతాబ్దినాఁటి వరాహమిహిరుఁడు పంచసిద్ధాంతికయందు, అయస్కాంతముల నడుమ నిలిచిన యినుపగుండువలె నక్షత్రపంజరమున భూగోళము నిలిచియున్నదని చెప్పెను. భాస్కరాచార్యుఁడు 1150లో ముగించిన సిద్ధాంతశిరోమణియందు, భూమికి ఆకర్షణశక్తి గలదనియు, ఆకాశమునందలి గురువస్తువు నది తనవైపునకు లాగఁగా వస్తువు పడుచున్నట్లు తోఁచుననియు, అంతటను సమమైన యాకాశమున భూమి యెటు పడుననియు వ్రాసెను. భూమి నిరంతరము క్రిందికిఁ బడుచున్నదను బౌద్ధమతమును ఖండించుట కీ వాద మవతరించినది. వాదముగా నిది నిర్దుష్టము, మనోహరము.

దీనినిబట్టి న్యూటనుకంటె నైదువందల యేండ్లు ముందే యా సిద్ధాంతము మనకుఁ గలదని చెప్పుట మాత్రము సరికాదు. భాస్కరుని యాకర్షణము భూమికి మాత్రమే చెందినది. వస్తువు భూమిని లాగునని యతఁడు చెప్పలేదు. చంద్రుని భూమి లాగుననియుఁ జెప్పలేదు. గ్రహనక్షత్రములను దిప్పుటకు సంప్రదాయసిద్ధమైన ప్రవహవాయువునే యంగీకరించెను. 1687లో న్యూటను చేసినది పేరు పెట్టుట గాదు, లెక్క చూపుట. చంద్రుఁడు భూకేంద్రమునుండి భూవ్యాసార్ధమునకు సుమా రఱువదిరెట్లు దూరమున నున్నాఁడు. దూరము రెట్టింపైన బలము నాలుగవవంతగునేని, అచటి బల మిచటిదానిలో 3,600వ వంతు కావలెను. ఇచట ఱాయి తొలిసెకండులో నించుమించు 16 అడుగులు పడును. చంద్రుఁడు సరళమార్గమునుండి యొక నిమిషములో భూమివైపునకు వంగు దూరమును సుమా రంతే. నిమిషమున నఱువది సెకండు లుండుటచే లెక్క సరిపడినది. ఈ పరీక్ష భాస్కరుని గ్రంథమున లేదు. లేదనుటచే నాతని కీర్తికి లోటు రాదు. ఉన్నదని బోధించుటచే బాలునికి న్యూటనును దెలియదు, భాస్కరుఁడును దెలియఁడు.

గురుత్వాకర్షణమను సమాసము కొత్తది. తార్కికుని గురుత్వమును, జ్యోతిషికుని యాకర్షణమును గలసి పాశ్చాత్యపదమున కనువాదమైనవి. దీనికి "గురుత్వమువలన నాకర్షణము" అని విగ్రహము చెప్పవచ్చును. కాని యా గురుత్వము తర్కసంగ్రహమునందలిది గాదని విద్యార్థికిఁ దప్పక చెప్పవలెను.

విద్యుత్తు కథ వేఱు. ద్యుత్ ధాతువునకు "వి" యుపసర్గము చేరి మెఱుపునకుఁ బేరైనది. పాశ్చాత్యుల పదము మెఱుపునుండి రాలేదు. రుద్దినపుడు గడ్డిపోచలను లాగు, శిలగా గట్టిపడిన చెట్టుజిగురునకు గ్రీకులు పెట్టిన ఎలెక్ట్రాన్ అను పేరునుండి వచ్చినది. ఆ పదార్థమును మనవారును ఎఱుఁగుదురు; శంకరమిశ్రుఁడు వైశేషికోపస్కారమున దానిని తృణకాంతమని పేర్కొనెను. ఆ పేరే నిలిచినచో నేఁడు మన యిండ్లలోఁ దృణకాంతదీపములు వెలిఁగెడివి. మెఱుపును, రుద్దుటచేఁ బుట్టు శక్తియు నొక్కటే యని 1752నాఁటి ప్రయోగములచేఁ దేలిన పిమ్మటనే యీ యనువాదమునకు అర్హత గలిగినది. పదము వేదమంత పాఁతది, అర్థము మాత్రము ఫ్రాంక్లిను కాలమునాఁటిది.

1785లో ఫ్రాన్సుదేశపు కూలుంబు, మెలిపడు తీఁగకు వ్రేలాడఁగట్టిన త్రాసుతోఁ గొలిచి, విద్యుదయస్కాంతబలములును దూరవర్గమునకు విలోమముగాఁ దగ్గునని చూపెను. కాని యివి లాగుటయే కాక త్రోయును, గురుత్వము త్రోయదు. 1820లో ఎర్‌స్టెడ్డు, విద్యుత్ప్రవాహము గల తీఁగ దగ్గఱ నయస్కాంతసూది తిరుగుటను గనుఁగొనెను. అప్పటినుండి విద్యుదయస్కాంతమను సమాసమునకు రెండు విగ్రహములు గలిగినవి. తీఁగ చుట్టిన యినుమును జెప్పునపుడు విద్యుత్తుచేత నైన యయస్కాంతమని తత్పురుషము; బలమును జెప్పునపుడు విద్యుత్తును, అయస్కాంతమును అని ద్వంద్వము. పాఠ్యపుస్తకములు రెంటిని నొక్కరీతిగానే వ్రాయుచున్నవి గావున, ఏ చోట నేది యన్నది చెప్పవలసిన భారము పండితునిదే.