చందాల మీద నిలిచిన చదువు: అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లి దాకా

హైదరాబాదు సంస్థానంలో ఉన్నత విద్య చరిత్రను నిజాం నవాబుల ఫర్మానాలతో, అంటే రాజముద్రతో వెలువడిన ఆజ్ఞలతో, వాటి ఫలితంగా లేచిన భవనాలతో చెప్పడం పరిపాటి. 1887లో నిజాం కళాశాల ఏర్పడి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైందని, 1917 నాటి ఫర్మానా మేరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం రూపుదిద్దుకొని 1919లో తరగతులు మొదలయ్యాయని, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైందని ఆ చరిత్ర చెబుతుంది. కళాశాల తలుపులు తెరుచుకున్నాక ఆ గుమ్మం దాకా ఎవరు రాగలిగారు, వచ్చినవారు పరీక్ష గట్టెక్కేవరకు నగరంలో ఎవరి అన్నం తిని నిలబడ్డారు అన్న ప్రశ్నకు మాత్రం అందులో సమాధానం దొరకదు. ఆ సమాధానం కోసం మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ మొదలుకొని గౌలిగూడ, కోఠి, ఆబిడ్స్ మీదుగా నాంపల్లి వరకు, కాలినడకన తిరిగి రాగలిగినంత మేర విస్తరించిన వసతి గృహాల, గ్రంథాలయాల, విద్యాసంఘాల చరిత్రను పరిశీలించాలి. దాతల సొమ్ము విద్యార్థి చేతికి రొక్కంగా అందడం కన్నా అతని కూడు, పడక, పుస్తకాల రూపంలో అందడమే ఈ ప్రాంతపు విద్యాదానంలోని విశేషం. అది ఫలించినదీ, పరిమితమైనదీ ఆ రూపం వల్లనే.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో తాలూకా కేంద్రం దాటి చదవదలచిన తెలుగు పిల్లవాడికి అడ్డంకులు రెండు. సంస్థాన జనాభాలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారైనా, రాజభాష ఉర్దూ కావడం వల్ల, ఉస్మానియాలో బోధన కూడా ఉర్దూలోనే సాగడం వల్ల, ఇంటి భాషను పక్కన పెట్టి చదువుకోవలసి రావడం మొదటిది. ఉన్నత పాఠశాలలు, కళాశాలలు రాజధానిలోనే ఎక్కువగా ఉండడం వల్ల, ఊరిలో పొలమూ ఇల్లూ ఉన్న కుటుంబం సైతం నెలనెలా రొక్కం పంపవలసి రావడం రెండవది. 1921 జనాభా లెక్కల నాటికి సంస్థానంలో అక్షరాస్యులు నూటికి అయిదుగురు కూడా లేరన్న వాస్తవం వెనుక ఈ రెండు కారణాలూ ఉన్నాయి.

ఇటువంటి అవసరానికి తెలుగు సమాజం ఎరిగిన పాత పరిష్కారం వారాలు చేసుకోవడం. పరస్థలంలో చదివే పేద విద్యార్థి వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేసే ఏర్పాటుకు ఆ పేరు. సోమవారం ఒక వకీలు గారింట, మంగళవారం ఒక పురోహితుని ఇంట విస్తరి వేస్తారు. ఏ ఇంటనైనా మైల వచ్చినా, ఇంటివారు ఊరికి వెళ్లినా ఆ పూట పస్తే. ఈ పద్ధతి ఎక్కువగా బ్రాహ్మణ విద్యార్థులకే అందుబాటులో ఉండేది. వ్యవసాయ, చేనేత, వృత్తి కులాల పిల్లలకు పట్నంలో వారం ఇచ్చే ఇళ్లు అరుదు, అస్పృశ్యులుగా నెట్టివేయబడిన కులాల పిల్లలకు అసలే లేవు. వసతి గృహాలు ఈ వారాల పద్ధతికి ప్రత్యామ్నాయంగా వచ్చాయి. అక్కడ భోజనం గృహిణి దయ మీదా, ఇంటి సౌకర్యం మీదా ఆధారపడక, చందాల పుస్తకంలో పేరు వ్రాసిన వందలాది మంది ఉమ్మడి బాధ్యతగా మారింది.

అంతకు ముందు విద్యార్థికి లభించే పెద్ద సహాయం పాలకుడిచ్చే ఉపకార వేతనమే. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్‌గా పేరొందిన అఘోరనాథ ఛటోపాధ్యాయుల కుమార్తె సరోజిని పన్నెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణురాలై, 1895లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ మంజూరు చేసిన వేతనంతో ఇంగ్లండు వెళ్లి, లండన్‌లోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివింది. సరోజినీ నాయుడుగా ఆమె ప్రసిద్ధురాలైన తరువాత ఆమె తొలి కవితా సంపుటి పేరే ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలోని వారి ఇంటికి స్థిరపడింది. గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఆ ఇల్లు 1970లలో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలి చిరునామా అయింది. పాలకుని వేతనం ఒక ప్రతిభకు సముద్రాల అవతలి ద్వారం తెరవగలిగింది. అయితే దానికి దర్బారులో పలుకుబడి, నగరంలో నివాసం, ఇంటిలో ఆంగ్ల విద్యా వాతావరణం తోడు కావాలి. పాలమూరు, నల్లగొండ గ్రామాల పిల్లలకు అవి మూడూ లేవు.

ఆ లోటును పూరించే దిశగా పడిన పెద్ద అడుగు 1918లో స్థాపితమైన రెడ్డి వసతి గృహం. దీనిని సంకల్పించిన రాజాబహదూర్ వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి ప్రాంతంలోని రాయణిపేటలో జన్మించి, పోలీసు శాఖలో మెట్టు మెట్టుగా ఎదిగి, 1920 నుంచి 1934 వరకు నగర కొత్వాలుగా, అంటే రాజధాని పోలీసు యంత్రాంగానికి అధిపతిగా పనిచేశారు. నిజాం ఏలుబడిలో ప్రత్యేకాధికారాలతో కొనసాగిన చిన్న రాజ్యాలైన సంస్థానాల ప్రభువులను, పూర్వం పరగణాలలో శిస్తు వసూలు చేసి వంశపారంపర్య హక్కులు పొందిన దేశ్‌ముఖులను ఆయన చందాలకు ఒప్పించారు. పెద్ద హోదాలో ఉన్న పోలీసు అధికారి చేయి చాచినప్పుడు కాదనడం తేలిక కాదన్న సంగతిని కూడా ఈ దానచరిత్రలో లెక్కలోకి తీసుకోవాలి. ఆబిడ్స్‌లో నిలదొక్కుకున్న ఆ వసతి గృహం గ్రామీణ కుటుంబాలకు నగరంలో నమ్మకమైన చిరునామా అయింది.

ఇటువంటి సంస్థ నడవడానికి రెండు రకాల ధనం కావాలి. ఒకటి శాశ్వత నిధి, అంటే అసలు ముట్టకుండా వడ్డీతో, అద్దెలతో ఖర్చు గడుపుకొనే మూలధనం. రెండవది ఏటేటా వచ్చే చందా. శాశ్వత నిధి భవనాన్ని నిలబెడుతుంది, ఏటి చందా వంటశాలను నడుపుతుంది. వాన లేని ఏడు ఊళ్లలో శిస్తు వసూలు కాకపోతే భూస్వామి చందా తగ్గుతుంది, కాని అదే ఏడు పల్లె తండ్రి కూడా కొడుకుకు డబ్బు పంపలేడు కనుక, దానం అవసరం పెరిగిన ఏడే దానం కుంచించుకుపోయే ప్రమాదం ఈ వ్యవస్థలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. భూములూ దుకాణాలూ సంపాదించుకోగలిగిన వసతి గృహాలు నిలదొక్కుకోవడం, ఏటి చందా మీదే ఆధారపడినవి క్షీణించడం దీని పర్యవసానం.

1924లో ఈ వసతి గృహ నిర్వహణకు సురవరం ప్రతాపరెడ్డి రావడంతో దాని స్వరూపం మారింది. న్యాయశాస్త్ర పట్టభద్రుడైన ఆయన దాదాపు పదేళ్లు అక్కడ ఉండి గ్రంథాలయాన్ని పెంచి, విద్యార్థులలో తెలుగు పఠనాసక్తి కలిగించారు. 1926లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన గోలకొండ పత్రికకు కూడా వెంకటరామారెడ్డి ప్రోత్సాహం ఉంది. తరగతి గదిలో ఉర్దూ చదివి వచ్చిన విద్యార్థికి సాయంత్రం తెలుగు పత్రిక, తెలుగు పుస్తకం, తెలుగు చర్చ దొరికే చోటుగా వసతి గృహం మారడం వల్ల, కళాశాల ఇవ్వని ఒక చదువు అక్కడ లభించింది. కోఠిలో రావిచెట్టు రంగారావు ఇంట 1901 సెప్టెంబరు 1న ఆరంభమై, అనంతరం సుల్తాన్ బజారులో సొంత భవనం ఏర్పరచుకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ చదువుకు మరొక ఆలంబన. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చి రెడ్డి వసతి గృహంలో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి తదనంతరం ఆంధ్ర మహాసభకు, తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడు కావడం గమనార్హం; భూస్వాముల చందాలతో నడిచిన గృహం నుంచే భూస్వామ్యాన్ని ఎదిరించిన నాయకుడు వచ్చాడంటే, దాత ఉద్దేశం విద్యార్థి భవిష్యత్తును శాసించలేదని స్పష్టమవుతుంది.

ఈ దానాలు కులం గట్ల మధ్యనే ప్రవహించాయన్నది కూడా అంతే నిజం. రెడ్డి వసతి గృహాన్ని చూసి వైశ్య, మున్నూరు కాపు, కమ్మ, పద్మశాలి, గౌడ మొదలైన కులసంఘాలు కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ ప్రాంతాలలో తమ తమ వసతి గృహాలు నెలకొల్పుకొన్నాయి. తన కులంలో ధనవంతులు ఉన్న విద్యార్థికి ఈ పద్ధతి ఆసరా అయింది. కులమంతా పేదరికంలో ఉన్న విద్యార్థికి దాతలే లేకపోయారు. ఆ వర్గాల కోసం భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, 1910 నుంచి ఇసామియా బజారు మొదలైన చోట్ల బడులు తెరిచారు. అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరంలోని ఆ బజారులో మొదలైన ఆది హిందూ పాఠశాలలు కాలక్రమంలో ఇరవైకి మించి పెరిగి, నిర్వహణ భారం వల్ల 1930లలో ప్రభుత్వపరమయ్యాయి. రావి నారాయణరెడ్డి హరిజన సేవక సంఘం తరఫున విద్యార్థి వసతి గృహాలు నడపడం, బి.ఎస్. వెంకటరావు వంటి నాయకుల కృషితో 1940లలో నిజాం ప్రభుత్వం దళితుల విద్యాభివృద్ధికి కోటి రూపాయల నిధి కేటాయించడం ఆ క్రమంలో తదుపరి ఘట్టాలు. చందా చాలని చోట ప్రజాధనం రావలసిందేనన్న గుర్తింపు ఈ చరిత్రలోనే రూపుదిద్దుకొంది.

బాలికల విషయంలోనూ ఇటువంటి లోటే కనిపిస్తుంది. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల ఉన్నత పాఠశాల స్థాపించినప్పుడు, సంస్థానంలో తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలకు గుర్తింపు దొరకక, పుణెలో ధోండో కేశవ కర్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి దానిని అనుబంధం చేయవలసి వచ్చింది. వేతనమూ వసతీ ఉన్నా గుర్తింపు పొందిన పరీక్ష లేకుంటే చదువు అక్కరకు రాదు కనుక, దాతలు కొన్నిసార్లు విద్యార్థినే కాక విద్యాసంస్థనూ పోషించవలసి వచ్చిందనడానికి ఇది ఉదాహరణ.

తెలుగునాట ఇతర ప్రాంతాలలో దానం మరొక దారి పట్టింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికాలోని హార్వర్డుకు చేరగలిగింది మామగారి సహాయంతో పాటు, రంగూను వ్యాపారంలో ధనం గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేర కాకినాడలో నడిచే ధర్మసంస్థ అండతోనే. కోస్తా జిల్లాల దాత ఒక్కొక్క విద్యార్థిని ఎంచి దూరదేశానికి పంపగా, హైదరాబాదు దాత అనేకులను రాజధాని వరకు తెచ్చాడు. మొదటి పద్ధతి అసాధారణ ప్రతిభకు, రెండవది సాధారణ విద్యార్థి నిలకడకు ఉపకరించాయి.

దాత అన్న మాటకు నాంపల్లిలో 1938లో మరొక అర్థం ఏర్పడింది. సంస్థానపు ఆర్థిక పరిస్థితులపై సర్వే జరపడానికి కావలసిన నిధి కోసం ఉస్మానియా పట్టభద్రుల సంఘం పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక వస్తు ప్రదర్శన ఏర్పాటు చేసింది. జనం నుమాయిష్ అని పిలిచే ఆ ప్రదర్శన 1946లో నేటి ఎగ్జిబిషన్ మైదానానికి మారి, విభజన, పోలీసు చర్యల కాలంలో ఆగి, 1949లో తిరిగి మొదలైంది. దాన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయాన్ని విద్యకు మళ్లించడంతో, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే వెలిశాయి. జనవరి చలిలో టిక్కెట్టు కొని లోపలికి వెళ్లి, కశ్మీరు శాలువాలూ లక్నో చికన్ గుడ్డలూ బేరమాడి, పిల్లలను రంగులరాట్నం ఎక్కించే కుటుంబం తనకు తెలియకుండానే ఒక అమ్మాయి డిప్లొమా చదువుకు చందాదారు అవుతోంది. ఇక్కడ దాతకు కులం లేదు, పేరు లేదు, కృతజ్ఞత కోరే అవకాశమూ లేదు.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఈ వ్యవస్థకు ప్రభుత్వ పార్శ్వం. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామి చొరవతో 1891లో ఆబిడ్స్‌లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున నిర్మించిన భవనానికి తరలి, 1955 తరువాత నేటి పేరుతో కొనసాగుతున్న ఈ సంస్థ, కొనలేని పుస్తకాన్నీ, ఇరుకు గదిలో దొరకని నిశ్శబ్దాన్నీ విద్యార్థికి ఉచితంగా ఇస్తూ వచ్చింది. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు నేటికీ తమ సొంత పుస్తకాలు సంచిలో వేసుకొని వచ్చి అక్కడి బల్లల ముందు పొద్దు పోయేదాకా కూర్చుంటారంటే, వారికి గ్రంథాలయం నుంచి కావలసింది పుస్తకం కన్నా చోటేనని అర్థమవుతుంది.

1944లో కేంద్రంలో మొదలైన షెడ్యూల్డు కులాల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు, 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన బోధనా రుసుముల చెల్లింపు పథకం వచ్చాక, కుల వసతి గృహాల పాత్ర తగ్గుతుందని భావించడానికి ఆస్కారం ఏర్పడింది. అయితే ఆ పథకాలు ప్రధానంగా రుసుముల భారాన్ని తొలగించాయి. నగరంలో అద్దె, భోజనం, బస్సు పాసు, పరీక్షల మధ్య ఖాళీ నెలల ఖర్చు విద్యార్థి మీదే మిగిలాయి. నేటి ధర్మసంస్థలు రుసుము కట్టి ఊరుకోకుండా నెలవారీ ఖర్చునూ, సలహా ఇచ్చే పెద్దనూ సమకూర్చడానికి ముందుకు వస్తున్నాయంటే, 1918 నాటి దాతలు ఆచరణలో గ్రహించిన దానినే అవి మళ్లీ గ్రహిస్తున్నాయి. ఆ దాతల అనుభవం చెప్పే సత్యాలు రెండు: చదువు సాధారణంగా రుసుము దగ్గర ఆగిపోయేది కాదు, నెల చివర అన్నం దగ్గర ఆగిపోయేది; ఆ అన్నం పెట్టే చేయి దాత సొంతవారి వైపే చాచుకొన్నంత కాలం, మిగిలినవారి బాధ్యతను ప్రజాధనమే మోయవలసి ఉంటుంది.