మిర్చి సొమ్ము, ఖాళీ ప్లాట్లు: వినుకొండ విస్తరణను వెనక్కి మళ్లించడం గురించి

చమురు ప్రాంతాల్లో ఊళ్లు పొలాల మీదికి పరుచుకుపోవడానికి చమురు ఒక్కటే కారణం కాదు. ఒకే సరుకు మీద బతికే ప్రాంతంలో ఆదాయం ఒక ఏడు పొంగుతుంది, మరో ఏడు పడిపోతుంది. పొంగిన ఏడాది చేతికొచ్చిన డబ్బు ఎక్కడో ఒకచోట నిలవాలి. పరిశ్రమలోనో వ్యాపారంలోనో పెట్టే వీలు లేనప్పుడు అది భూమిలోకి వెళ్తుంది. ఊరి అంచున ఉన్న చేలు ప్లాట్లుగా మారడం అక్కడ మొదలవుతుంది. ఈ మాట నిజమైతే, ఊరి అంచు విషయంలో కెనడాలోని అల్బర్టా చమురుకూ పల్నాడు మిర్చికీ పెద్ద తేడా లేదు. ఈ వ్యాసం వినుకొండను ఆ కోణంలో చూస్తుంది. విశాఖపట్నం, కెనడాలోని ఎడ్మంటన్, అమెరికాలోని హ్యూస్టన్ అనే మూడు చమురు నగరాల అనుభవంలో మన చిన్న పట్టణానికి పనికొచ్చేది ఏమిటో, పనికిరానిది ఏమిటో వేరు చేసి చెప్పడం దీని ఉద్దేశం.

ఊరు, దాని అంచు

రామలింగేశ్వరస్వామి కొండ పాదం దగ్గర పుట్టిన ఊరు వినుకొండ. గుంటూరు–గుంతకల్ రైలు మార్గం, గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా అనంతపురం వెళ్లే 544డి జాతీయ రహదారి ఈ ఊరిని తాకుతూ పోతాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ ప్రాంతపు సాగును, తాగునీటిని మార్చేసింది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలాక పల్నాటి మెట్ట భూముల్లో పత్తి, మిర్చి పెద్ద పంటలయ్యాయి. 2011 జనాభా లెక్కల నాటికి పట్టణంలో సుమారు 60 వేల మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. పట్టణం పురపాలక సంఘం పాలనలో ఉంది. చుట్టుపక్కల గ్రామాలు ఎవరి పంచాయతీ వాళ్లవి. అంచున జరిగే మార్పు ఈ రెంటి మధ్య సందులో జరుగుతుంది.

ఆ అంచుకు వెళ్లి చూస్తే కనిపించేది ఇళ్లు కాదు. రోడ్డు పక్కన సిమెంటు ఆర్చి, దాని మీద వెంచర్ పేరు, లోపల గ్రావెల్ పోసిన బాటలు, సున్నం వేసిన హద్దు రాళ్లు ఉంటాయి. పాత వెంచరైతే రాళ్ల మధ్య సర్కారు తుమ్మ మొలిచి ఉంటుంది. పదుల ప్లాట్లకు రెండో మూడో ఇళ్లు లేస్తాయి. ఆ ఇళ్లకు కరెంటు స్తంభం వచ్చినా మురుగు కాలువ రాదు, కుళాయి రాదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది కాబట్టి, పునాది లోతుగా తీయని గోడలు కొన్నేళ్లకే బీటలు వారతాయి. కోతలయ్యాక మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇలాంటి ఖాళీ ప్లాట్లే మిర్చి కల్లాలవుతాయి. చేను ప్లాటుగా మారినా రైతుకు కల్లం అవసరం తీరలేదు. పంట పండిన నేలను అమ్ముకుని, పంట ఆరబెట్టడానికి అదే నేలను అడుక్కోవలసి వస్తోంది.

విస్తరణ గురించిన పాశ్చాత్య సాహిత్యాన్ని వినుకొండకు నేరుగా అంటగట్టకూడదని చెప్పేది ఈ దృశ్యమే. హ్యూస్టన్‌లో విస్తరణ అంటే పెద్ద పెద్ద స్థలాల్లో విడివిడి ఇళ్లు, కార్ల కోసం రోడ్లు. వినుకొండలో విస్తరణ అంటే ఇళ్లు లేని స్థలాలు. అక్కడ జనం పలచగా నివసిస్తున్నారు. ఇక్కడ జనం పాత ఊళ్లోనే ఇరుకుగా ఉన్నారు, పొలం మాత్రం పోయింది.

సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది

2021–22లో నల్ల తామర పురుగు మిర్చి చేలను ఊడ్చేసింది. దిగుబడి పడిపోవడంతో తర్వాతి సీజన్‌లో గుంటూరు యార్డులో క్వింటా ధర 20 వేల రూపాయలు దాటింది. 2025 తొలి నెలలకు ధర ఎంత దిగజారిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. మూడేళ్లలో ఇంత ఎత్తుపల్లాలు చూసే రైతు, వ్యాపారి, కమీషన్ ఏజెంటు, కోల్డ్ స్టోరేజి యజమాని మంచి సంవత్సరంలో మిగిలిన డబ్బును మళ్లీ మిర్చిలోనే పెట్టడానికి జంకడం సహజం. పత్తి పరిస్థితీ ఇంతే. పక్కన అమరావతి రాజధాని, దాని బాహ్యవలయ రహదారి ప్రతిపాదన, వినుకొండ–గుంటూరు రోడ్డును నాలుగు వరుసలు చేసే ఆలోచన కలిశాక భూమి ఒక్కటే పడిపోని సరుకన్న నమ్మకం గట్టిపడింది.

ఈ లెక్కలో కౌలు రైతు ఎక్కడా లేడు. చేను ప్లాట్లయినప్పుడు పట్టాదారుకు ధర వస్తుంది, వెంచర్ వేసినవాడికి లాభం వస్తుంది. ఏళ్ల తరబడి ఆ నేలను దున్నినవాడికి ఏమీ రాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం రుణం, బీమా, పంట నష్టపరిహారం గురించి మాట్లాడింది. భూవినియోగం మారినప్పుడు సాగుదారు గతి గురించి అది మాట్లాడలేదు. పట్టణ విస్తరణ మీద జరిగే ఏ చర్చా ఈ నష్టాన్ని లెక్క కట్టకుండా న్యాయమైనది కాలేదని నా అభిప్రాయం.

చట్టం అంచును ఎలా పెంచింది

తప్పంతా కొనేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద వేయడం సులువు. ప్రభుత్వ విధానాలు కూడా అంచును బయటికి తోశాయి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే 2006 నాటి చట్టాన్ని జనం నాలా అని పిలుస్తారు. ఆచరణలో అది పన్ను కట్టించుకునే పద్ధతిగానే మిగిలింది. ఏ నేల మారకూడదో చెప్పే పని అది చేయలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఆ చట్టాన్ని తీసేసి, దాని స్థానంలో బాహ్య అభివృద్ధి రుసుము తెచ్చింది. వసూలైన డబ్బు స్థానిక సంస్థలకు చేరడం మంచిదే. కానీ చెరువు పరీవాహకంలోని చేనుకూ, బస్టాండు వెనక ఖాళీ స్థలానికీ ఒకే రకం రుసుము పెడితే ఊరు ఎటు పెరగాలో అది చెప్పలేదు.

ఇక అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ. 2020లో ఒకసారి, 2025లో మరోసారి ఎల్‌ఆర్‌ఎస్ పేరుతో ఈ పథకం వచ్చింది. ప్లాటు కొని మోసపోయిన చిన్న ఉద్యోగికి, టీచరుకు ఇది ఊరట. దాన్ని కాదనలేం. అయితే ప్రతి క్రమబద్ధీకరణా రాబోయే అక్రమ లేఅవుట్‌కు ముందస్తు భరోసా ఇస్తుంది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలాలన్నది నిబంధన. వదలనందుకు డబ్బు కట్టించుకుంటే ఖజానా నిండుతుంది గాని, పిల్లలు ఆడుకునే స్థలం పుట్టదు, వాననీరు ఇంకే నేల పుట్టదు.

పేదల ఇళ్ల స్థలాలదీ ఇదే దారి. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రమంతటా సుమారు 30 లక్షల పట్టాలు పంచారు. పట్టణాల్లో ఒక్కో కుటుంబానికి ఒక సెంటు, అంటే 48.4 గజాలు. కూలికి, మిల్లుకు, కూరగాయల బజారుకు రోజూ ఊళ్లోకి రావలసిన కుటుంబానికి చవకగా భూమి దొరికిందని ఊరికి దూరంగా స్థలం ఇస్తే, ఆ చవకకు మూల్యాన్ని ఆ కుటుంబమే ఆటో చార్జీల రూపంలో ఏళ్ల తరబడి కడుతుంది. పేదలకు స్థలం ఇవ్వడం ప్రభుత్వం చేయవలసిన పనే. అది ఊరి లోపల ఇవ్వాలన్నదే ఈ వ్యాసం వాదన.

విశాఖ కోల్పోయిన సమయం

తెలుగు నేల మీద చమురు పరిశ్రమకూ ఊరి విస్తరణకూ జరిగిన ఘర్షణకు విశాఖపట్నమే పెద్ద సాక్ష్యం. కాల్టెక్స్ శుద్ధి కర్మాగారం అక్కడ 1957లో మొదలైంది. 1970లలో ప్రభుత్వపరమై హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. మల్కాపురం వైపు ఇళ్లు కర్మాగారం గోడ దాకా వచ్చాయి. కర్మాగారం కూడా అదే చోట పెరుగుతూ పోయింది. 1997 సెప్టెంబరు 14న వంటగ్యాస్ ట్యాంకుల దగ్గర పేలుడు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైన ప్లాంటు కథా అంతే. అది పెట్టినప్పుడు ఊరికి దూరం. దాని చుట్టూ ఆర్‌ఆర్ వెంకటాపురం, ఇతర కాలనీలు పెరిగాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌గా మారిన ఆ ప్లాంటు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు తీసింది. ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ ప్లాంటును నివాసాల నుంచి తరలించాలంది. కోనసీమలోని నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27న గెయిల్ గ్యాస్ పైపులైను పేలినప్పుడు కూడా పైపుకూ ఇళ్లకూ మధ్య ఉండాల్సిన దూరమే ప్రశ్న అయింది.

విశాఖలో పట్టణాభివృద్ధి సంస్థ 1970ల చివర్లోనే ఏర్పడింది. మాస్టర్ ప్లానులూ వచ్చాయి. సంస్థ లేకపోవడం సమస్య కాదు. పరిశ్రమ చుట్టూ ఖాళీగా ఉంచిన నేల ఎవరి బాధ్యతో ఎవరూ తేల్చుకోలేదు. ఖాళీగా ఉన్న నేలకు కాపలా లేకపోతే అది ఇళ్ల స్థలమే అవుతుంది. వినుకొండలో శుద్ధి కర్మాగారాలు లేవు. జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, పెట్రోలు బంకులు ఉన్నాయి. పత్తి బేళ్ల గోదాముల్లో అగ్నిప్రమాదాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. రోడ్డు వెంట వీటి పక్కనే వెంచర్లు లేస్తున్నాయి. విశాఖ పోగొట్టుకున్న సమయం వినుకొండకు ఇంకా ఉంది.

లోపలికి పెరిగిన చమురు నగరాలు

1947 ఫిబ్రవరిలో లెడ్యూక్ దగ్గర చమురు పడ్డాక కెనడాలోని ఎడ్మంటన్ మైదానమంతా పరుచుకుంది. 2019లో కూడా పక్క కౌంటీ నుంచి భూమి కలుపుకుంది. అయినా 2020 డిసెంబరులో ఆమోదించిన నగర ప్రణాళికలో, జనాభా 20 లక్షలకు చేరినా ఇప్పుడున్న సరిహద్దు దాటకూడదని, కొత్త ఇళ్లలో సగం పాత ఊళ్లోనే కట్టాలని రాసుకుంది. ఆ మాట కాగితం మీద ఆగలేదు. ఇంటికి ఇన్ని కార్ల పార్కింగ్ తప్పనిసరి అన్న నిబంధనను అదే ఏడు తీసేశారు. 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త జోనింగ్ నిబంధనలు మామూలు వీధిలోని స్థలంలో ఎనిమిది ఇళ్ల దాకా కట్టుకోనిచ్చాయి. హ్యూస్టన్ 1998లోనే నగరం నడిబొడ్డున ఇంటి స్థలం కనీస పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 555 గజాల నుంచి 155 గజాలకు. 2013లో దాన్ని నగరమంతటికీ వర్తింపజేశారు.

ఈ రెండు నగరాల నుంచి నేర్చుకోవలసింది గజాల లెక్క కాదు. వినుకొండలో 155 గజాల ప్లాటు చిన్నదేమీ కాదు. ఆ నగరాలు లోపలికి పెరగగలిగింది పాత ఊళ్లో కట్టుకోవడాన్ని సులువు చేసినందుకే. మనం సరిగ్గా తలకిందులు చేస్తున్నాం. పాత ఊళ్లో వాటాలు పడిన ఇంటిని కూల్చి రెండంతస్తులు కట్టుకోవాలంటే సెట్‌బ్యాకులు, రోడ్డు వెడల్పు, లింకు డాక్యుమెంట్లు, వారసుల సంతకాలు అన్నీ అడ్డం వస్తాయి. అంచున వెంచర్‌లో ప్లాటు కొనడానికి ఒక్క రిజిస్ట్రేషన్ చాలు.

వినుకొండలో మొదలుపెట్టాల్సిన చోటు

విస్తరణను వెనక్కి మళ్లించడం అంటే ఎవరి ప్లాటూ లాక్కుని మళ్లీ చేను చేయడం కాదు. ఇప్పటికే చేను కాకుండా పోయిన నేల నిండేదాకా కొత్త చేను మీద చెయ్యి వేయకపోవడం. అందుకు కొత్త చట్టాలకన్నా ఉన్నవాటిని వాడుకోవడం ముఖ్యం. ఖాళీ స్థలాల మీద పన్ను పురపాలక చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఖాళీ ప్లాటు మీద ఆ పన్ను పెరగాలి, ఇల్లు కట్టుకుంటే తగ్గాలి. ఇది ఒక్కటి నిక్కచ్చిగా అమలైనా పెట్టుబడి కోసం పది ప్లాట్లు పట్టుకుని కూర్చోవడం భారమవుతుంది. ఒక్క ప్లాటే ఉన్న సామాన్యుడికి మినహాయింపు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

రెండో పని ఇంకా కష్టమైనది, ఇంకా విలువైనది. పాత అనుమతి లేని లేఅవుట్లను ఒక్కొక్క ప్లాటుగా క్రమబద్ధీకరించే బదులు, నాలుగైదు లేఅవుట్లను కలిపి ఒకే పథకంగా మళ్లీ గీయాలి. గుజరాత్‌లో 1976 చట్టం కింద అహ్మదాబాద్ దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. ప్రతి యజమానీ కొంత నేల వదులుకుంటాడు. ఆ నేల రోడ్డుకు, మురుగు కాలువకు, పార్కుకు, పేదల ఇళ్లకు పోతుంది. మిగిలిన స్థలం విలువ పెరిగి యజమాని నష్టం పూడుతుంది. 2015లో అమరావతిలో భూ సమీకరణ జరిగింది కాబట్టి ఈ ఆలోచన ఇక్కడి రైతుకు కొత్త కాదు. అక్కడ అది పచ్చని పొలాల మీద జరిగింది. ఇక్కడ ఎండిపోయిన వెంచర్ల మీద జరగాలి. మన పట్టణ ప్రణాళికా చట్టం 1920 నాటిది. ప్రణాళికా పథకాలు తయారుచేయడానికే అది పుట్టింది.

నీటి దారులు తేల్చకుండా ఇవేవీ నిలవవు. చెరువులోకి నీరు తెచ్చే వాగులు, పంట కాలువల బోదెలు, పాత డొంకలు రెవెన్యూ పటాల్లో ఉన్నాయి. వాటిని లేఅవుట్ మ్యాపుల మీద పెట్టి చూపితే ఎక్కడ కట్టకూడదో ఊళ్లో పిల్లలకు కూడా అర్థమవుతుంది. పల్నాడు పట్టణాభివృద్ధి సంస్థ, పురపాలక సంఘం, చుట్టుపక్కల పంచాయతీలు ఒకే పటం మీద సంతకం పెట్టాలి. 74వ రాజ్యాంగ సవరణ కోరిన జిల్లా ప్రణాళికా కమిటీ పని అదే. ఆ పటంలో మిర్చి కల్లాలకు కూడా స్థలం ఉండాలి. పట్టణ ప్రణాళికలో వ్యవసాయానికి చోటు లేదనుకోవడం పల్నాడు లాంటి ప్రాంతంలో చెల్లదు.

2011 తర్వాతి జనాభా లెక్కలు దేశంలో సమయానికి జరగలేదు కాబట్టి, పట్టణానికి ఎన్ని ఇళ్లు కావాలో ఇప్పటి ప్రణాళికలు అంచనాల మీదే చెబుతున్నాయి. ఎన్ని ప్లాట్లు ఖాళీగా ఉన్నాయో తెలుసుకోవడానికి మాత్రం జనాభా లెక్కల కోసం ఆగనక్కరలేదు. ఆ వివరం రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, కరెంటు కనెక్షన్ల రికార్డుల్లో, ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తుల్లో ఇప్పటికే ఉంది. వినుకొండ పాలకవర్గానికి, జిల్లా యంత్రాంగానికి ఈ వ్యాసం చేసే విజ్ఞప్తి ఒక్కటే: మరో లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు, పట్టణం లోపలా అంచునా ఉన్న ఖాళీ ప్లాట్ల జాబితాను వార్డులవారీగా, గ్రామాలవారీగా తయారుచేసి ప్రజల ముందు పెట్టండి.