కట్ చేస్తే...

మన దగ్గర కథ చెప్పేవాళ్ళందరికీ అలవాటైన మాట ఒకటుంది: "కట్ చేస్తే..." చెప్పేది సినిమా కథైనా, నిన్న ఆఫీసులో జరిగిన గొడవైనా, మధ్యలో అక్కర్లేనిదంతా ఎగరగొట్టడానికి ఆ మాట చాలు. ఫ్లాష్‌బ్యాక్ అయితే ముఖం ముందు వేలితో రింగులు తిప్పుతాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తెరవనివాళ్ళకి కూడా ఈ వ్యాకరణం వచ్చు.

ఈ మధ్య ఒక విద్యార్థి బృందం వాళ్ళ షార్ట్ ఫిల్మ్ ట్రైలర్ చూసి సలహా చెప్పమన్నారు. నిమిషంన్నర ట్రైలర్. తండ్రి పోయాక ఊరికి తిరిగొచ్చిన కొడుకు కథ. ప్రతి షాట్‌కీ మధ్య ఒక గ్లిచ్, ఒక జూమ్, ఒక గిరగిర. ఖాళీ పడక్కుర్చీ షాట్ కూడా గిర్రున తిరుగుతూనే వచ్చింది. ఇవన్నీ ఎందుకని అడిగితే, "ప్రొఫెషనల్‌గా ఉంటుంది కదండీ" అన్నారు. వాళ్ళకి నేను చెప్పింది కొంత చరిత్రే.

ఒక దృశ్యం ఇంకోదానిలో కరిగిపోయే డిజాల్వ్‌ని జార్జ్ మెలియెస్ 1899లో తీసిన 'సిండ్రెల్లా'లోనే వాడాడు. ఆయన రంగస్థల ఇంద్రజాలికుడు కూడా. మెల్లగా లెన్స్ మూసి, ఫిల్మ్‌ని కెమెరాలోనే వెనక్కి తిప్పి, దాని మీదే మళ్ళీ చిత్రీకరించేవాళ్ళు. లెక్క తప్పితే రెండు షాట్లూ పోయినట్టే. తర్వాత ఆప్టికల్ ప్రింటర్లు వచ్చాయి. ఎడిటర్ వర్క్ ప్రింట్ మీద గ్రీజు పెన్సిల్‌తో గీత గీస్తే, ల్యాబ్ వాళ్ళు డిజాల్వ్ తయారుచేసి పంపేవాళ్ళు. దానికి డబ్బు కావాలి, ఆగాలి. పైగా కాపీకి కాపీ కాబట్టి బొమ్మ కాస్త గరుకెక్కేది. అందుకే ప్రతి డిజాల్వ్‌కీ ఒక కారణం ఉండాల్సొచ్చేది. కాలం గడిచిందనడానికి డిజాల్వ్, అధ్యాయం ముగిసిందనడానికి ఫేడ్.

'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)లో లారెన్స్ వెలుగుతున్న అగ్గిపుల్లని ఊదగానే ఎడారిలో సూర్యోదయం కనిపిస్తుంది. స్క్రిప్టులో అక్కడ ఉన్నది డిజాల్వ్. అది ఇంకా ల్యాబ్‌లో తయారవలేదు కాబట్టి, ఎడిటర్ ఆన్ కోట్స్, దర్శకుడు డేవిడ్ లీన్ చూసిన ప్రింట్‌లో రెండు షాట్లూ పక్కపక్కనే అతికించి ఉన్నాయి. చూశాక, అదే బాగుందనుకుని కట్‌నే ఉంచేశారు.

అంటే ఎఫెక్టులు తప్పనా? కాదు. 1954లో కురొసావా 'సెవెన్ సమురాయ్'లో తెరని పక్కకి తుడిచేసినట్టుండే వైప్ వాడాడు. 1977లో జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్'లో ఆ వైప్‌నే దర్జాగా వాడుకున్నాడు. పాత సీరియళ్ళ పరుగు ఆ కథకి కావాలి. పడక్కుర్చీకి ఆ పరుగుతో పనిలేదు.

ఇప్పుడు ట్రాన్సిషన్‌కి ఖర్చు లేదు, మౌస్‌తో లాగి పడేస్తే చాలు. ల్యాబ్ బిల్లు అడిగే "ఎందుకు?" అన్న ప్రశ్న కూడా దాంతోపాటే పోయింది. ఇక ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి.

వాళ్ళు గ్లిచ్‌లన్నీ తీసేసి ఒక్కటి ఉంచుకున్నారు: తండ్రి చివరి ఫోన్ కాల్ తెగిపోయే చోట. కుర్చీ తర్వాత రెండు సెకన్ల నలుపు పెట్టారు. ఆ నలుపులో ఎవరో దగ్గిన శబ్దం మాత్రం వినిపిస్తుంది.