ఫ్లైట్ టికెట్ కంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్: ఆస్ట్రేలియా గొడవ, మన పైరసీ

ఈ ఎపిసోడ్‌లో ఒక ధర చరిత్ర చూద్దాం. 2013 మొదట్లో అడోబీ సీఎస్6 మాస్టర్ కలెక్షన్ అమెరికాలో 2,599 డాలర్లు. ఆస్ట్రేలియాలో 4,334 డాలర్లు. అప్పుడు రెండు డాలర్ల విలువా దాదాపు సమానం, ఆస్ట్రేలియా డాలరే ఒక పిసరు ఎక్కువ. అక్కడి జీఎస్‌టీ 10 శాతమే. మరి మిగతా తేడా ఎక్కడిది? ఓడ ఖర్చా? డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కీ ఇదే కథ.

చాయిస్ అనే వినియోగదారుల సంస్థ ఇంకో లెక్క తీసింది. మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో పెద్ద ఎడిషన్‌లో తేడా 8,000 డాలర్లు దాటింది. అంటే ఒక మనిషికి జీతమిచ్చి, రెండుసార్లు అమెరికా పంపి రప్పించినా ఇంకా చౌకే!

పార్లమెంటు కమిటీ విచారణ పెట్టింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్, అడోబీ పిలిస్తే రాలేదు. 2013 ఫిబ్రవరిలో సమన్లు ఇచ్చారు. వెంటనే అడోబీ క్రియేటివ్ క్లౌడ్ నెల చందా 62.99 నుంచి 49.99కి దిగింది. డబ్బాలో అమ్మే సీఎస్6 ధర మాత్రం కదల్లేదు. ఆ వారమే సీఈఓ శాంతను నారాయణ్ సిడ్నీలో ఉన్నారు. మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన మనిషే. విలేకరులు డబ్బా ధర గురించి ఎన్నిసార్లు అడిగినా, క్లౌడే భవిష్యత్తు అన్న జవాబే తిప్పి తిప్పి చెప్పారు. నాకైతే బీటెక్ వైవా గుర్తొచ్చింది, అడిగింది ఒకటి, మనం చదివింది ఇంకోటి.

జులైలో కమిటీ నివేదిక వచ్చింది. ఆస్ట్రేలియన్లు చాలాసార్లు 50 నుంచి 100 శాతం ఎక్కువ కడుతున్నారని తేల్చింది. దేశాన్ని బట్టి వేసే డిజిటల్ తాళాలను దాటే హక్కు కొనేవాళ్లకు ఉండాలని కూడా సిఫార్సు చేసింది.

సరే, ఆస్ట్రేలియా వాళ్లకు కట్టే స్తోమత ఉంది, అయినా మోసపోయినట్టు అనిపించింది. జీతం రూపాయల్లో, ధర డాలర్ల లెక్కలో ఉన్నచోట ఏం జరుగుతుంది? మన ఊళ్లలో కంప్యూటర్ అసెంబుల్ చేసిన అబ్బాయే విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ ఎక్కించి ఇచ్చేవాడు. దొంగతనం అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

కంపెనీలకు ఇది తెలియదా? 1998లోనే బిల్ గేట్స్ చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మా సరుకే దొంగిలించనివ్వండి, అలవాటు పడ్డాక వసూలు చేసే దారి చూస్తాం అన్న అర్థంలో చెప్పారు. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2003లో లినక్స్‌తో చౌక కంప్యూటర్లు అమ్మేసరికి, మైక్రోసాఫ్ట్ అక్కడ విండోస్, ఆఫీస్ రెండూ కలిపి 40 డాలర్ల లోపే ఇచ్చింది. అంటే తగ్గించడం కుదురుతుంది, పోటీ ఉంటే! తర్వాత మనకూ వచ్చిన ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్‌లో ఒకేసారి 3 ప్రోగ్రాములే తెరుచుకునేవి. పైరేట్ సీడీలో ఫుల్ వెర్షన్ ఉంటే దాన్నెవరు కొంటారు?

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 దగ్గరే చాలా డీటీపీ సెంటర్లు ఆగిపోయాయి. కొత్తవి కొనే ధర అందలేదన్నది ఒక పెద్ద కారణం. దానికి యూనికోడ్ తెలుగు రాదు. అలా పాత ఫాంట్లలో కొట్టిన మన పుస్తకాల ఫైళ్లు ఈరోజు ఫోన్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి.