కప్ప తెచ్చిన బారిష్

కప్ప అరిస్తే వాన ఖాయమంటారు మా రాజోలులో. మా అబ్బాయి ఆడే పోకెమాన్ జంగ్‌లో కప్ప దిగితే చాలు, వానే!

1999లో గోల్డ్, సిల్వర్ ఆటల్లో బారిష్ ఐదు వంతులే. నీటి దెబ్బకు ఒకటిన్నర రెట్ల తాఖత్, నిప్పుకు సగం. 2002లో కైయోగర్ వచ్చింది, దాని వాన దానంతటది ఆగదు. 2010 నాటి బ్లాక్, వైట్ ఆటలతో ఆ హునర్ పొలిటోడ్ అనే మామూలు కప్పకూ దక్కింది. వానలో రెట్టింపు వేగంతో ఈదే జీవులు తోడైతే ఎదుటి టీమ్ తబాహ్! స్మోగన్ వేదికలో ఆ జోడీపై పాబందీ పెట్టారు. 2013లో ఎక్స్, వై ఆటలు కప్ప వానను మళ్లీ ఐదు వంతులకు దించాయి.

అయితే జనాబ్, బారిష్ దుష్మన్ మీదా కురుస్తుంది, వాడికీ ఫాయిదాయే. అందుకే మావాడు తన టీమ్‌లోనూ ఈదే జీవినొకదాన్ని దాచుకుంటాడు.