పిండిని బట్టే మిషన్

తార్నాకలో మా వంటింటి గట్టుకి బిగించిన పాస్తా మిషన్‌ని మొదటిసారి తిప్పినప్పుడు ముద్ద చిరుగులు పడి బయటికొచ్చింది. మడిచి మళ్లీ పెట్టాను. ఏడోసారికి నున్నబడింది. వంద గ్రాముల మైదాకి ఒక గుడ్డు, అంతే, నీళ్లు పొయ్యలేదు. రోలర్లని దగ్గర చేసుకుంటూ పోతే చివరికి ముద్ద పల్చటి రేకై, దాని కింద పెట్టిన వేళ్లు పైకి కనిపించాయి.

ఇటలీలో ఒటెల్లో మార్కాటో పాడువా దగ్గర ఈ మిషన్ల సంస్థ పెట్టింది 1930లో. వాళ్ల ‘అట్లాస్ 150’ పేరులోని అంకె రేకు వెడల్పు, మిల్లీమీటర్లలో. పాస్తా మాత్రం చాలా పాతది. మార్కో పోలో దాన్ని చైనా నుంచి తెచ్చాడన్న కథ నిలవదు. ఆయన వెనిస్ తిరిగొచ్చింది 1295లో. సిసిలీలోని త్రబియాలో పిండి తీగలు చేసి ఓడలకెక్కిస్తున్నారని భూగోళవేత్త అల్ ఇద్రీసీ 1154లోనే రాశాడు.

మన దగ్గర భావమిశ్రుడు 16వ శతాబ్దంలో ‘భావప్రకాశం’ అనే వైద్యగ్రంథంలో సేమ్యా లాంటి ‘సేవిక’ గురించి చెప్పాడు. గోధుమపిండిని యవగింజలంత సన్నని వత్తులు చేసి, ఎండబెట్టి, పాలలో ఉడికించి, నెయ్యీ చక్కెరా వేసుకు తినమన్నాడు. వత్తి అనగానే నాకు దీపం ముందు కూర్చుని పత్తి నలిపే వేళ్లు గుర్తొస్తాయి. సేమ్యాకి మొదటి మిషన్ ఆ వేళ్లే అయ్యుండాలి. మంచం పట్టెకి బిగించి తిప్పే సేమ్యా మిషన్ ఆ తర్వాతి సంగతి.

పాస్తా మిషన్ రేకు సాగదీసి కోస్తుంది. మన జంతికల గొట్టం చిల్లుల్లోంచి ఒత్తుతుంది. గోధుమపిండి తడిసి నలిగితే గ్లూటెన్ వలలా అల్లుకుంటుంది కాబట్టి రేకు సాగుతుంది. బియ్యంలో, జొన్నలో ఆ వల లేదు. వరీ జొన్నా తినే మన ఇళ్లలో చిల్లుల బిళ్ల అంతగా పాతుకుపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

మా తార్నాకలో ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. యూనివర్సిటీ పుట్టిన 1918లోనే అదీ కూనూరులో వైద్యుడు మెకారిసన్ చేతుల మీదుగా బెరిబెరి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే తింటే వచ్చే జబ్బు బెరిబెరి. ఆ గేటు ముందు నుంచి నడుస్తూ, ఇంట్లో ఉన్న తెల్లటి మైదా సంచి గుర్తొచ్చి జొన్నపిండి కొన్నాను.

రోలర్ల మధ్య అది పొడిపొడిగా రాలిపోయింది. మరిగే నీళ్లు పోసి కలిపి, మూతపెట్టి, వేడి తగ్గకముందే జంతికల గొట్టంలో కూరి ఒత్తాను. తీగలు తెగకుండా ఇడ్లీ పళ్లెంలోకి దిగాయి.